ఎవురు పట్టుకొచ్చారు?

స్టేషన్లో నన్ను రైటర్ అంటారు.
కథలు రాస్తానని కాదు.
అయినా పదహారేళ్ళుగా
రాసిన కథే రాస్తా ఉండాను.

విడవలూరు నించి సముద్రం దాకా
ఏ రొయ్యల గుంట మీద మోటారు పోయినా
జీపు ముందు కాలవకట్ట మీదికే పోతాది.
డ్రైవరుకు దారి చెప్పే పనిలేదు,
బండికే తెలుసు.
పదకొండు గుడిసెలు, ఎండు చేపల వాసన,
యానాదోళ్ళ పిలకాయలు లైట్లు చూసి
సవకతోపులోకి ఉరికే చప్పుడు.

దొరికినోళ్ళలో తుపాకుల రవణయ్య ఉంటాడు.
ఇంటిపేర్లోనే తుపాకి పెట్టుకోనుండాడే అని
మా ఎస్సై నవ్వినాడొకసారి.
నేనూ నవ్వినా.

గుంటకు కావలి రవణయ్యే.
ఊరి కావలి తాతల కాణ్ణించీ వాళ్ళదే,
ఊరి అనుమానం గూడా.
"నాలుగు ఏరేటర్లయ్యా,
ఒకటి ఆగినా నిద్దట్లో తెలుస్తాది నాకు,
చెవిలో ఏదో ఊడిపోయినట్టు"
అన్నాడు నాతో,
నేను వాడి వేళ్ళకి సిరా పూస్తా ఉంటే.

ఎలకబొక్కలు తవ్వీ తవ్వీ
గీతలు అరిగిపోయిన వేళ్ళు.
చౌకదుకాణం మిషనుకు పడవు,
మూడు నెలలుగా బియ్యం లేవు.
మా కాయితం మీద మాత్రం పదీ పడినాయి.
ఒత్తి పట్టుకుంది నేనే.

కార్తీకం ముసురు.
మధ్యాన్నం దాటినాక
గోనెపట్ట కప్పుకోని ఒకామె
మెట్ల మీద నిలబడింది.
తలెత్తకుండానే అడిగినా, అలవాటుగా:
"ఎవురు పట్టుకొచ్చారు నిన్ను?"

"ఎవురూ పట్టుకురాలా. నేనే వచ్చినా."

సెంట్రీ నా వైపు చూసినాడు.
కుర్చీ చూపించినా.
ఆమె పోయి లాకప్పు పక్కన గోడకు ఆనుకోని
కింద కూచుంది.
మొగుణ్ణి కూచోబెట్టే చోటు
ఆమెకు బాగా తెలుసు.

పేరు మస్తానమ్మ.
రవణయ్య గుంట కాడికి పోయి రెండు రాత్రులైంది.
గుంట ఆసామి, పారిపోయినాడు పో అన్నాడంట.

"మావోణ్ణి యాడున్నా పట్టుకుంటారు గదయ్యా మీరు.
చీకట్లో పట్టుకున్నారు,
తోపులో పట్టుకున్నారు,
పీకల్లోతు నీళ్ళల్లో దాక్కోనుంటే
జుట్టు పట్టి లాక్కొచ్చినారు.
ఈ ఒక్కసారి గూడా పట్టుకోండి."

ఎగతాళి కాదది.
ఎగతాళైతే నాకు బాగుండు.

రాసుకున్నా.
"సదరు రవణయ్య, వయసు సుమారు నలభై"
అంతవరకు వచ్చి చూస్తే
చెయ్యి దానంతటదే
"పాత ముద్దాయి" అని రాసేసి ఉండాది.
కొట్టేసినా.
కొట్టేసిన గీత కింద గూడా కనపడతానే ఉండాది.

"రసీదు ఇస్తారా అయ్యా?"
స్టేషన్ నించి ఆ గుడిసెలకి
కాయితం పోవడం అదే మొదలు.
రేషన్ కార్డున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది
నాలుగు మడతలేసి.

ఎస్సై బందోబస్తుకు పోయుండాడు.
జీపు తాళం నా దగ్గరుండాది.
వెనకసీట్లో, మొగుడు కూచునే వైపే,
ఆమె కూచుంది.

కాలవకట్ట ఎక్కీ ఎక్కకముందే
పదకొండు గుడిసెలూ ఖాళీ.
పొయ్యి మీద ఎసరు మరగతా ఉండాది,
ఊయల ఒకటి ఊగతా ఉండాది బిడ్డ లేకుండా.

మస్తానమ్మ దూకి తోపుకేసి అరిచింది.
"పారిపోబాకండి!
మనోణ్ణి ఎతికేదానికి వచ్చినారు!"

సవకాకుల మీద వాన తప్ప
జవాబు లేదు.
ఆమెనీ ఒక ఎరలాగే చూసినట్టుండారు
ఆ చీకట్లోంచి
ఆమె మనుషులే.

లైట్లు ఆపమన్నా డ్రైవర్ని.
నా టోపీ తీసి సీటు మీద పెట్టినా,
ఎందుకో తెలీదు, ఎవురికి కనపడతాది గనక.

అప్పుడు వినపడింది
దూరంగా గుంట మీద ఏరేటర్ల రొద.
చెవి పెట్టి లెక్కపెట్టినా.
మళ్ళా లెక్కపెట్టినా.

మూడే తిరగతా ఉండాయి.